దయ్యాల్లేని ఊళ్ల దయ్యాల కథలు

1662లో బోస్టన్ దగ్గర మైకేల్ విగిల్స్‌వర్త్ అనే పాస్టరు తీర్పు దినం మీద ఒక పెద్ద పద్యం అచ్చు వేయించాడు. అందులో ఒక ఘట్టం ఉంది. పుడుతూనే చనిపోయిన పసిపిల్లలు దేవుడి ముందు నిలబడి వాదించుకుంటారు. పండు తిన్నది ఆదాము, ఆయనకేమో క్షమాపణ దొరికింది, ఒక్క పాపం చేసే వ్యవధి కూడా లేకుండా పోయిన మాకెందుకు నరకం అని. దేవుడు వాళ్ల మాట కొట్టిపారెయ్యడు. మీ పాపం మిగతావాళ్లకంటే తక్కువేనని ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, సరే, నరకంలో అన్నిటికంటే తేలికైన గది మీకిస్తానంటాడు.

ఆ రోజుల్లో ఈ పద్యం విపరీతంగా అమ్ముడుపోయింది. పిల్లల చేత బట్టీ పట్టించేవారు. రాసినాయన క్రూరుడేమీ కాదు. రోగిష్ఠి మనిషి, వైద్యం కూడా చేసేవాడు. తాను నమ్మిన సిద్ధాంతాన్ని మొహమాటం లేకుండా చివరిదాకా లెక్కగట్టాడు, అంతే. అమెరికన్ హారర్ కథకు ప్యూరిటన్లు ఏమిచ్చారని అడిగితే చాలామంది మసాచుసెట్స్‌లోని సేలం ఊరు, మంత్రగత్తెలు, ఉరికొయ్య అంటారు. నన్నడిగితే ముందు ఆ తేలికైన గదిని చూపిస్తాను. సేలం దాని తర్వాత వస్తుంది.

ప్యూరిటన్లంటే ఇంగ్లండ్ చర్చికి ఇంకా కాథలిక్ వాసన పోలేదని, దాన్ని శుద్ధి చెయ్యాలని పట్టుబట్టినవాళ్లు. 1620లో మేఫ్లవర్ ఓడలో ప్లిమత్ చేరింది వాళ్లలో పూర్తిగా వేరుపడిన చిన్న గుంపు. పెద్ద వలస 1630లో జాన్ విన్‌త్రోప్ వెంట మసాచుసెట్స్‌కు వచ్చింది. ఇద్దరూ నమ్మింది ప్రొటెస్టెంట్ సంస్కర్త జాన్ కాల్విన్ బోధనే: లోకం పుట్టకముందే దేవుడు ఎవరికి రక్షణో ఎవరికి శిక్షో నిర్ణయించేశాడు, మనం ఎన్ని మంచి పనులు చేసినా ఆ నిర్ణయం మారదు.

మన తలరాత లాంటిదే కదా అనిపిస్తుంది. కానీ తలరాత వెనక కర్మ అనే లెక్క ఒకటుంది. పోయిన జన్మలో ఏదో చేశాం, ఇప్పుడు అనుభవిస్తున్నాం, వచ్చే జన్మకైనా సరిచేసుకోవచ్చు. కాల్విన్ దగ్గర ఆ ఖాతా పుస్తకమే లేదు. ఎందుకని అడిగే హక్కు లేదు, ఇంకో జన్మా లేదు. "పిలువబడినవారు అనేకులు, ఏర్పరచబడినవారు కొందరే" అన్న బైబిల్ వాక్యం తెలుగులోనూ చాలామంది వినే ఉంటారు. ఆ కొందరిలో నేనున్నానా? ఒక ప్యూరిటన్‌కు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇదే టెన్షన్.

దేవుడు చెప్పడు కాబట్టి గుర్తులు వెతుక్కోవాలి. మసాచుసెట్స్‌లో చర్చి సభ్యుడు కావాలంటే తన మనసులో దేవుడి పని ఎలా మొదలైందో సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. వాళ్లు నమ్మితేనే సభ్యత్వం. 1631 నుంచి ఓటు కూడా చర్చి సభ్యులైన మగవాళ్లకే. అంటే నీ లోపలి సంగతి ఊరివాళ్లు తేల్చాలి, నువ్వు వాళ్లది తేల్చాలి. ఇంటికెళ్లి డైరీలో నీ మీద నువ్వే విచారణ జరుపుకోవాలి. ఇందులో ఒక మెలిక ఉంది. నాకు రక్షణ ఖాయమని మరీ ధీమాగా అనిపిస్తే అదీ చెడ్డ లక్షణమే. కాస్త అనుమానం మిగిలి ఉంటే మంచిది, మరీ ఎక్కువైతే మళ్లీ ప్రమాదం.

బయటి ప్రపంచమూ ఇలాగే చదవాల్సిన పుస్తకమైపోయింది. విన్‌త్రోప్ తన డైరీలో 1632 నాటి ఒక సంగతి రాశాడు. వాటర్‌టౌన్‌లో జనం చూస్తుండగా ఒక ఎలుక, ఒక పాము చాలాసేపు కొట్లాడి చివరికి ఎలుకే పామును చంపేసింది. బోస్టన్ పాస్టరు దానికి అర్థం చెప్పాడు. పాము సాతాను, ఎలుక దేవుడు ఇక్కడికి తెచ్చిన మనలాంటి దీనులు. నవ్వొస్తుంది, నిజమే. కానీ ప్రతి ఎలుకకూ అర్థం ఉన్న ఊళ్లో దూడ చచ్చినా, వెన్న పేరుకోకపోయినా దానికీ ఒక అర్థం ఉండి తీరాలి.

ఇక్కడో విచిత్రం. ఇంత భయం ఉన్న సమాజంలో మనకు తెలిసిన రకం దయ్యానికి చోటు లేదు. కాథలిక్కుల నమ్మకంలో చనిపోయిన ఆత్మ నేరుగా స్వర్గానికో నరకానికో పోనక్కర్లేదు, మధ్యలో ఉత్తరించు స్థలం ఉంది. అక్కడున్న ఆత్మ తిరిగొచ్చి నాకోసం ప్రార్థించమని అడగొచ్చు. ప్రొటెస్టెంట్లు ఆ మధ్య గదిని కొట్టేశారు. పోయినవాళ్లు పోయినట్టే. మరి రాత్రి కిటికీ దగ్గర కనబడిందేమిటి? సాతాను వేసిన వేషం. ఎవరి రూపంలో? బతికి ఉన్న పక్కింటావిడ రూపంలో కావచ్చు. మన దయ్యం తీరని కోరికతో చచ్చినవాళ్లది. న్యూ ఇంగ్లండ్, అంటే మసాచుసెట్స్ చుట్టుపక్కల ప్రాంతపు దయ్యం ఎదురింట్లో నిక్షేపంగా కూర్చుని వంట చేసుకుంటూ ఉంటుంది.

గాథిక్ అని పిలిచే యూరప్ భయం కథల నవలలో కోటలుంటాయి, సొరంగాలుంటాయి, దుర్మార్గపు సన్యాసులుంటారు. కొత్త దేశంలో కోటల్లేవు. చార్లెస్ బ్రాక్‌డెన్ బ్రౌన్ అనే నవలాకారుడు 1799లోనే ఈ మాట చెప్పాడు, అమెరికా రచయితకు పాత కోటలతో పనిలేదు, అడవి ఉంది అని. ప్యూరిటన్లకు ఆ అడవి సాతాను ఏలుబడిలో ఉన్న నేల. అక్కడ తరాలుగా బతుకుతున్న తెగల మనుషులు వాళ్ల కళ్లకు సాతాను ప్రజలు. ఎవరి నేల మీద దిగారో వాళ్లనే దయ్యాలుగా చూడటం అమెరికన్ హారర్‌లో నేటికీ పూర్తిగా పోని మచ్చ. 1675లో మెటకామ్ నాయకత్వంలో తెగలు తిరగబడి యుద్ధం మొదలైంది. లాంకాస్టర్ అనే ఊరి మీద దాడిలో బందీగా చిక్కిన పాస్టరు భార్య మేరీ రోలాండ్‌సన్ తన అనుభవాలను 1682లో అచ్చు వేసింది. అడవిలోకి ఈడ్చుకెళ్లిన మనిషి, ప్రతి కష్టంలో దేవుడి చెయ్యి వెతకడం, తిరిగొచ్చాక నిద్రపట్టని రాత్రులు. హారర్ కథకు కావలసిన సరంజామా అంతా అందులో సిద్ధంగా ఉంది.

సేలం సంగతి ఇప్పుడు. 1692 జనవరిలో సేలం విలేజ్ పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు వింత మూర్ఛలు మొదలయ్యాయి. సెప్టెంబరు ముగిసేసరికి 19 మందిని ఉరితీశారు, జైల్స్ కోరీ అనే ముసలాయన మీద బండరాళ్లు పేర్చి చంపారు, ఆ వ్యవహారం మొత్తంలో కనీసం ఐదుగురు జైల్లో పోయారు. ఎవరినీ కాల్చలేదు. ఆ బొమ్మ యూరప్‌ది. నేరం ఒప్పుకున్నవాళ్లను ఉరితియ్యలేదు, ఒప్పుకోననే నిజాయితీపరులే పోయారు.

నా దృష్టిలో అసలు కీలకం సాక్ష్యంలో ఉంది. ఫలానా ఆవిడ రూపం రాత్రి నా గుండెల మీద కూర్చుందని ఒక పిల్ల చెబితే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంది. ఆ రూపం ఆ పిల్లకు తప్ప ఎవరికీ కనబడదు. ఆ రాత్రి నేను మా ఇంట్లోనే పడుకున్నానని నిరూపించినా లాభం లేదు, వచ్చింది ఒంటితో కాదు కదా. మిగిలింది ఒక్క ప్రశ్న: అమాయకుల రూపాన్ని సాతాను దొంగిలించగలడా? దేవుడు అలా జరగనివ్వడని జడ్జీలు అనుకున్నారు. ఆ అనుకోవడమే ప్రాణాలు తీసింది. రెబెకా నర్స్‌కు 71 ఏళ్లు, ఊళ్లో అందరూ గౌరవించే చర్చి సభ్యురాలు. జ్యూరీ మొదట ఆవిడ నిర్దోషి అని తేల్చింది. జడ్జీలు మళ్లీ ఆలోచించమంటే దోషి అని మార్చింది. జార్జ్ బరోస్ ఒకప్పుడు అదే ఊరికి పాస్టరు. మంత్రగాళ్లు పరలోక ప్రార్థన తప్పు లేకుండా చెప్పలేరని అప్పటి నమ్మకం. ఆయన ఉరికొయ్య దగ్గర ఒక్క పొల్లు పోకుండా చెప్పాడు. జనం కదిలిపోయారు. గుర్రం మీద ఉన్న కాటన్ మాథర్ అనే పాస్టరు కల్పించుకుని, సాతాను వెలుగుదూత వేషం కూడా వేస్తాడన్నాడు. ఉరి ఆగలేదు.

గుర్తు సరిగ్గా ఉన్నా అనుమానమే, తప్పినా అనుమానమే. డైరీ రాసుకునేవాడి గదిలో మొదలైన మెలిక బజార్లోకొచ్చి ఉరికొయ్య దగ్గర నిలబడింది. అదే ఏడాది అక్టోబరులో కాటన్ తండ్రి ఇంక్రీజ్ మాథర్, ఒక్క నిర్దోషి పోవడం కంటే పదిమంది అనుమానితులు తప్పించుకోవడమే మేలని వాదించాడు. గవర్నరు ఆ కోర్టును రద్దు చేశాడు. 1697లో జడ్జి శామ్యూల్ సూవాల్ చర్చిలో నిలబడి తప్పు నాదేనని చదివించాడు. ఇంకో జడ్జి జాన్ హాథార్న్ అలాంటిదేమీ చెయ్యలేదు.

ఆ హాథార్న్ మునిమనవడి కొడుకు 1804లో సేలంలోనే పుట్టాడు. రచయిత నథానియల్ హాథార్న్. ఇంటిపేరు స్పెల్లింగులో ఒక అక్షరం చేర్చుకున్నాడు, పూర్వీకుడికి దూరం జరగడానికే అంటారు. కానీ జీవితమంతా ఆ పూర్వీకుల చుట్టూనే తిరిగాడు. వాళ్ల తరఫున సిగ్గు తాను మోస్తానని తన నవల "స్కార్లెట్ లెటర్" ముందుమాటలో రాసుకున్నాడు కూడా.

ఆయన కథల్లో ఒకదాన్ని కాస్త ఆగి చూడాలి. 1835లో వచ్చిన "యంగ్ గుడ్‌మన్ బ్రౌన్". కొత్తగా పెళ్లైన కుర్రాడు ఒక రాత్రి పనుందని భార్యను వదిలి అడవిలోకి వెళ్తాడు. ఆమె పేరు ఫెయిత్, అంటే విశ్వాసం. దారిలో తోడొచ్చిన పెద్దమనిషి సాతానేనని మనకు తొందరగానే తెలిసిపోతుంది. మీ తాత క్వేకర్ అనే వేరే క్రైస్తవ శాఖకు చెందిన ఒక స్త్రీని సేలం వీధుల్లో కొరడాతో కొట్టినప్పుడు సాయం చేసింది నేనే, మీ నాన్న తెగలవాళ్ల ఊరికి నిప్పు పెట్టడానికి కొరివి ఇచ్చిందీ నేనే అంటాడతను. క్వేకర్లను కొరడాలతో కొట్టించినవాడు రచయిత సొంత వంశంలోనే ఉన్నాడు. అడవి నడుమ సభలో బ్రౌన్‌కు తనకు మతపాఠాలు చెప్పిన ముసలావిడ, చర్చి పెద్దలు, పాస్టరు, చివరికి భార్య కూడా కనిపిస్తారు. తెల్లారి ఊళ్లోకొస్తే అందరూ మామూలుగానే ఉన్నారు. అది కలా, నిజమా? హాథార్న్ చెప్పడు. బ్రౌన్ మాత్రం ఆ రోజు నుంచి ఎవరినీ నమ్మలేక, ముడుచుకుపోయి, ముసలివాడై చస్తాడు.

చాలామంది దీన్ని ప్యూరిటన్ల కపటాన్ని బయటపెట్టే కథగా చదువుతారు. నాకు అది సగమే అనిపిస్తుంది. బ్రౌన్ చూసింది ఆకారాలను. తనకొక్కడికే కనబడిన ఆకారాలను సాక్ష్యంగా తీసుకుని ఊరు మొత్తానికి మనసులోనే శిక్ష వేసేశాడు. అంటే తన పూర్వీకులు కూర్చున్న జడ్జీ కుర్చీలో హాథార్న్ ఈ కుర్రాణ్ని, వాడితోపాటు మనల్నీ కూర్చోబెట్టాడు. మరుసటేడాది వచ్చిన ఇంకో కథలో ఒక పాస్టరు కారణం చెప్పకుండా ముఖానికి నల్ల ముసుగు వేసుకుంటాడు, చచ్చేదాకా తియ్యడు. ఆ ముసుగు వెనక ఏ పాపముందోనని ఊరు మొత్తం వణుకుతుంది. ఒక నల్లగుడ్డ ముక్క చాలు. దయ్యం అక్కర్లేదు, గుర్తు ఉంటే చాలు, అర్థాలు జనమే తీసుకుంటారు.

ఇక్కడొక హెచ్చరిక. మన బుర్రలో ఉన్న నల్లబట్టల, మొహం మాడ్చుకున్న ప్యూరిటన్‌లో సగం హాథార్న్ తయారు చేసినవాడే. అసలువాళ్లు బీరు తాగేవారు, రంగు బట్టలు కట్టేవారు. వచ్చిన ఆరేళ్లకే, 1636లో, హార్వర్డ్ కాలేజీ పెట్టారు. క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జుర్మానా వేసిన మాటా నిజమే. బాప్టిస్టులను కూడా వాళ్లు మసాచుసెట్స్ నుంచి తరిమారు. తమాషా ఏమిటంటే తర్వాతి శతాబ్దాల్లో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో మిషన్ నడిపిన అమెరికన్ బాప్టిస్టుల కేంద్రం అదే బోస్టన్‌లో ఉండేది.

హాథార్న్‌లోని ఆ నలుపును ముందుగా గట్టిగా పట్టుకున్నది హెర్మన్ మెల్విల్. 1850లో రాసిన వ్యాసంలో, పుట్టుకతో వచ్చే పాపమన్న కాల్విన్ భావన నుంచే ఈ చీకటికి బలం వచ్చిందన్నాడు. మరుసటేడాది తన తిమింగలం నవలను హాథార్న్‌కే అంకితమిచ్చాడు. అంతకుముందే వాషింగ్టన్ ఇర్వింగ్ ఈ సరుకుతో హాస్యం చేశాడు. తల లేని గుర్రపురౌతుకు హడలిపోయే ఇకబాడ్ క్రేన్ కనెక్టికట్ నుంచి వచ్చిన బడిపంతులు, కాటన్ మాథర్ రాతలు చదివి చదివి భయం వంటబట్టించుకున్నవాడు. డచ్చివాళ్ల ఊళ్లో ప్యూరిటన్ బుర్ర ఎలా తేలిపోయిందో చూడండని ఇర్వింగ్ నవ్వుతున్నాడు.

ఆ నవ్వులో ఒక పాయింటుంది: భయం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. అమెరికన్ గాథిక్ అంతా ప్యూరిటన్ చెట్టు కొమ్మలేనని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. దక్షిణాది గాథిక్‌ను తీసుకోండి. శిథిలమైన దొరల భవంతులు, బానిసత్వం, దాచిపెట్టిన రక్తసంబంధాలు. అక్కడ పాపం ఎవరిదో ఊరందరికీ తెలుసు, పైకి అనరు. గుర్తుల కోసం వెతకక్కర్లేదు, పొలంలో పనిచేసే మనిషి మొహంలోనే యజమాని పోలిక కనబడుతుంది. కాల్విన్ అక్కడా ఉన్నాడు, కానీ వచ్చింది స్కాట్లండ్, ఐర్లండ్‌ల ప్రెస్బిటేరియన్ల దారిలో. దక్షిణాది రచయిత ఫాక్‌నర్ 1932 నవలలో మతపాఠం అప్పజెప్పలేదని పెంపుడు కొడుకును బెల్టుతో పద్ధతిగా కొట్టే తండ్రి ఆ బాపతే. అదే దక్షిణాది రచయిత్రి ఫ్లానరీ ఒకానర్ అయితే కాథలిక్. ఆవిడ కథల్లో దేవుడి కృప వచ్చేది హింసతోనే అయినా, వస్తుంది.

ఉత్తరాదికి తిరిగొస్తే హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్. 1890లో రోడ్ ఐలాండ్‌లోని ప్రావిడెన్స్‌లో పుట్టాడు. మసాచుసెట్స్ ప్యూరిటన్లు వెళ్లగొట్టిన రాజర్ విలియమ్స్ కట్టిన ఊరది. కానీ తన భయాలకు ఊళ్లు కల్పించినప్పుడు వాటిని మసాచుసెట్స్‌లోనే పెట్టాడు. ఆయన కల్పించిన ఆర్కమ్ అనే ఊరికి మూలం సేలమే. ఒక కథలో 1692లో సేలం జైలు నుంచి మాయమైన మంత్రగత్తె గదిలో ఒక లెక్కల విద్యార్థి అద్దెకు దిగుతాడు. లవ్‌క్రాఫ్ట్ పక్కా నాస్తికుడు. అయినా ఆయన విశ్వం చూడండి: మనిషి మొరకు అందని శక్తి, కారణం అడగడానికి వీల్లేని నిర్ణయాలు, ఒక్కసారి చూస్తే మతి పోగొట్టే జ్ఞానం. 1741లో జొనాథన్ ఎడ్వర్డ్స్ తన ప్రసంగంలో, నిప్పు మీద సాలీడును పట్టుకున్నట్టు దేవుడు నిన్ను నరకం మీద పట్టుకున్నాడని చెప్పాడు. లవ్‌క్రాఫ్ట్ నిప్పునూ సాలీడునూ ఉంచి, పట్టుకున్న చేతిని తీసేశాడు. ఎడ్వర్డ్స్ దేవుడికి కనీసం నీ మీద కోపమైనా ఉంది. అడవి మనుషులంటే ఉన్న పాత భయం కూడా లవ్‌క్రాఫ్ట్‌కు వారసత్వంగా వచ్చింది. వలసవచ్చినవాళ్ల మీద, నల్లవాళ్ల మీద ఆయన రాసిన రాతల్లోని ద్వేషం ఇవాళ చదివితే ఒళ్లు జలదరిస్తుంది, అదీ ఆయన అనుకున్న కారణానికి కాదు.

స్టీఫెన్ కింగ్ ఇదంతా మెయిన్ రాష్ట్రానికి, సూపర్ మార్కెట్ల కాలానికి తీసుకొచ్చాడు. 1975 నాటి రక్తపిశాచుల నవలలో రక్తం తాగేవాడి కంటే, వాడు రాకముందే ఊరివాళ్లు తలుపులేసుకుని చేసుకునే పనులు ఎక్కువ గుర్తుంటాయి. ఆ ఊరి పూర్వకథగా 1978లో అచ్చైన కథలో, ప్యూరిటన్ శాఖ నుంచి చీలిన ఒక ప్రీచర్‌ను దాని మూలపురుషుణ్ని చేశాడు.

నా లెక్కలో ఈ దారికి పరాకాష్ఠ షర్లీ జాక్సన్. వెర్మాంట్‌లో నార్త్ బెన్నింగ్టన్ అనే చిన్న ఊళ్లో ఉండేది, సేలం విచారణల మీద పిల్లల కోసం ఒక పుస్తకం కూడా రాసింది. 1948 జూన్ 26 సంచికలో న్యూయార్కర్ ఆవిడ కథ "ది లాటరీ" వేసింది. ఎండకాసే పొద్దున, ఊరి మధ్య జనం చేరారు. నల్లపెట్టెలోంచి ఒక్కో ఇల్లూ ఒక చీటీ తీస్తుంది. ఎందుకు తీస్తారో ఎవరికీ గుర్తు లేదు. నల్లచుక్క ఉన్న చీటీ టెస్సీ హచిన్సన్‌కు వస్తుంది. మిగతావాళ్లు రాళ్లు ఏరుకుంటారు. ఆవిడ చిన్నకొడుకు చేతిలో కూడా ఎవరో కొన్ని గులకరాళ్లు పెడతారు.

1630లలో మతబోధ విషయంలో పాస్టర్లను ఎదిరించినందుకు మసాచుసెట్స్ వెళ్లగొట్టిన స్త్రీ పేరు ఆన్ హచిన్సన్. ఆ ఇంటిపేరు యాదృచ్ఛికం కాదేమోనని విమర్శకులు ఎప్పటినుంచో అంటున్నారు. నాకు పేరు కంటే చీటీ ముఖ్యం. కథలో దేవుడి ఊసే లేదు. పాపం లేదు, మంత్రగత్తె లేదు, సాక్ష్యం లేదు. మిగిలింది ఏర్పరచుకోవడం ఒక్కటే, కారణం లేని ఏర్పాటు. టెస్సీ అరిచేది కూడా ఇది అన్యాయమనే, సరిగ్గా ఆ పసిపిల్లలు వాదించినట్టు. అక్కడ జవాబు చెప్పడానికి దేవుడైనా ఉన్నాడు. ఇక్కడ పక్కింటావిడ తొందరగా కానివ్వమంటుంది.

ఆ వేసవిలో జాక్సన్‌కు మూడొందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. తిట్టినవాళ్లున్నారు, అర్థం కాలేదన్నవాళ్లున్నారు. కొందరు మాత్రం ఈ లాటరీలు ఏ ఊళ్లో జరుగుతాయో, తాము వెళ్లి చూడొచ్చో లేదో కనుక్కున్నారు.